‘ప్రేమ’ ఆధారానికి మూడు గళ్ళు, చివర ‘మి’: ఏ పదం రాయాలి?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు నింపుతున్న గళ్ళ నుడికట్టు(క్రాస్‌వర్డ్)లో 5 అడ్డం ఆధారం ‘ప్రేమ’ అన్న ఒక్క మాటే, గళ్ళు మూడు. మొదట మీరు ‘మమత’ అని నింపారు. తరువాత మూడో గడి నుంచి దిగే 6 నిలువు, ‘చీకట్లో వెలిగే పురుగు (4)’, ‘మిణుగురు’ అని తేలడంతో ‘మమత’ను కొట్టివేయవలసి వచ్చింది. ఇప్పుడు ‘చెలిమి’ రాయాలో ‘కూరిమి’ రాయాలో తోచడం లేదన్నారు. ప్రేమకు ఇన్ని పర్యాయపదాలు ఉండగా కూర్పరి, అంటే నుడికట్టు కూర్చినవారి, మనసులో ఉన్నదేదో పసిగట్టే మార్గం ఏమిటని, ఏ నిఘంటువులు చూడాలని కూడా అడిగారు. చివరగా ‘మితభాషిలో సగం తిరగబడితే మక్కువ (2)’ అన్న ఆధారం అర్థం కాలేదన్నారు.

5 అడ్డానికి జవాబు: కూరిమి.

‘మి’తో ముగిసే మూడక్షరాల మాటలు తెలుగులో చాలా ఉన్నాయి. కలిమి, బలిమి, ఓరిమి, తాలిమి, చెలిమి, కూరిమి అన్నీ ఆ వరుసలోనివే. వీటిలో ప్రేమకు దగ్గరగా వచ్చేవి చివరి రెండే. చెలిమి ప్రధానంగా స్నేహం, కూరిమి ప్రధానంగా ప్రేమ. అయినా అర్థం మీదనే ఆధారపడి సిరా పెన్నుతో రాయమని నేను ఎవరికీ చెప్పను. మీరు పెట్టిన ఆధారాలలో 5 నిలువు ‘భాగవతుల ఊరు (4)’ అని ఉంది, దాన్ని మీరు ఖాళీగా వదిలేశారు. భాగవతం అనగానే పోతన, పోతన అనగానే బమ్మెర గుర్తుకు వచ్చి, బమ్మెర మూడక్షరాలే కాబట్టి మీరు అక్కడ ఆగిపోయి ఉంటారని నా ఊహ. కానీ ఆధారంలో ఉన్నది భాగవతం కాదు, భాగవతులు. కూచిపూడి భాగవతుల ఊరు కూచిపూడి. మొదటి అక్షరం ‘కూ’ వచ్చింది కనుక 5 అడ్డం చెలిమి కావడానికి వీలు లేదు.

మీ రెండో ప్రశ్నకు కొంచెం వివరంగా చెబుతాను. నేను గుంటూరులో తెలుగు పాఠాలు చెబుతూ, ఒక మాసపత్రికకు చాలాకాలంగా గళ్ళ నుడికట్టు కూరుస్తున్నాను. పాఠకుల ఉత్తరాలలో ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది ఇలాంటి మాటల మీదనే: ప్రేమ, కోపం, చంద్రుడు, తామర. పర్యాయపదాలు ఎక్కువగా ఉన్న ప్రతి మాటా పూరించేవారికి తలనొప్పి అవుతుంది. అదే మాట కూర్పరికి గొప్ప సౌకర్యం, దానికి కారణం కూర్పు జరిగే తీరులో ఉంది.

ఈ ఆట 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కూర్పుతో మొదలైంది. అది పుట్టిన భాషలో గడికొక అక్షరం చొప్పున వాడుకోవడానికి ఉన్నవి 26 అక్షరాలు. మనకు గడిలో పడేది ఒక అచ్చు, లేదా గుణింతంతో, ఒత్తుతో, సున్నతో సహా ఒక పూర్తి అక్షరం. అంటే ‘ప్రే’ ఒక గడి, ‘త్స’ ఒక గడి, ‘గం’ ఒక గడి. ఇలా లెక్కిస్తే వాడుకలో ఉన్న అక్షరాలు వందలలో తేలుతాయి. అడ్డం పదంలో ‘ప్యా’ పడిందంటే దాని గుండా నిలువుగా నడిచే మాట వెతకడం కూర్పరికి ఎంత కష్టమో మీరే ఊహించండి. అందుచేత ఒక మూలలో పదాలు కలవకపోతే, కలిసే అక్షరాలున్న పర్యాయపదం ఏదో వెతికి అక్కడ ఇరికిస్తాడు. మీ 5 అడ్డంలో కూరిమి పడడానికి కారణం ప్రేమకు అదే సరైన మాట అని కాదు, కూచిపూడికీ మిణుగురుకూ నడుమ అది మాత్రమే ఒదిగింది. ఆరుద్ర, శ్రీశ్రీ వంటి కవులు తెలుగులో గళ్ళు కూర్చినప్పుడు ఎదుర్కొన్నదీ ఈ కష్టమే, ఈనాడు మనం ఎదుర్కొనేదీ ఇదే.

కాబట్టి ఒంటి మాట ఆధారాన్ని ఎప్పుడూ ఒంటిగా తేల్చవద్దు. ‘ప్రేమ (3)’ అని చూడగానే మనసులోకి వచ్చే మొదటి మాటను రాయకుండా, ముందు అక్షరాల లెక్క ప్రకారం ఒక జాబితా వేసుకుని, అడ్డుతగిలే పదాలలో ఏదో ఒకటి తేలేదాకా దాన్ని పక్కన పెట్టుకోవాలి. నేను పిల్లలకు నేర్పేటప్పుడు కాగితం అంచున ఈ జాబితా పెన్సిలుతో రాయిస్తాను.

రెండు గళ్ళకు ప్రేమ, ప్రీతి, రాగం, రతి, తమి, కూర్మి, నెయ్యం, గారం, గోము, బాళి వస్తాయి. మూడు గళ్ళకు మమత, వలపు, కూరిమి, నెనరు, మక్కువ, ప్రణయం, మరులు, గారాబం, మురిపెం, ఆపేక్ష, వాత్సల్యం, ప్రేముడి ఉన్నాయి. నాలుగు గళ్ళకు అనురాగం, అభిమానం, మమకారం, ఆప్యాయత చూడాలి. ‘వాత్సల్యం’ చూడడానికి పొడుగ్గా ఉన్నా మూడు గళ్ళదేనని కొత్తవారు తరచుగా మరచిపోతారు: వా, త్స, ల్యం.

ఇక్కడ సున్నకూ ‘ము’కూ ఉన్న తగవు గురించి చెప్పాలి. అనురాగం నాలుగు గళ్ళు, అనురాగము ఐదు గళ్ళు. నెయ్యం రెండు, నెయ్యము మూడు. కూర్పరి ఏ రూపం వాడాడో ఒక్క ఆధారంలో తెలియదు, కానీ మొత్తం ఆధారాల భాష చూస్తే తెలుస్తుంది. ఆధారాలు గ్రాంథిక ధోరణిలో, ‘ఇట్టిది’, ‘అట్టివాడు’ అంటూ సాగుతుంటే ‘ము’ రూపాలకు సిద్ధపడండి. వాడుక భాషలో ఉంటే సున్న రూపాలే ఎక్కువ. నా కూర్పులలో ఒక నుడికట్టులో ఒకే పద్ధతి పాటిస్తాను, రెండూ కలిపి వాడడం పూరించేవారికి అన్యాయమని నా గట్టి అభిప్రాయం. పొల్లు అక్షరాల విషయంలోనూ ఇలాంటి తేడా ఉంది. కొందరు కూర్పరులు ‘న్’, ‘ల్’ వంటి వాటికి ప్రత్యేకంగా ఒక గడి ఇస్తారు, ప్రేమకు సంబంధించిన మాటలలో మాత్రం దీని బెడద దాదాపు లేదు.

ఇప్పుడు అర్థాల సంగతి. నిఘంటువులో ఈ మాటలన్నీ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. అమరకోశం మొదటి కాండలోని నాట్యవర్గంలో ప్రేమ, ప్రియత, హార్దం, స్నేహం ఒకే శ్లోకంలో వస్తాయి. అయితే మన ఇళ్ళలో ఈ మాటలను ఒకదాని బదులు మరొకటి వాడము. ఎవరికి ఎవరి మీద ఉన్న ప్రేమ అన్నది చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి, మంచి కూర్పరి ఆధారంలో ఆ సూచన తప్పకుండా ఇస్తాడు.

వాత్సల్యం పెద్దల నుంచి పిల్లలకు పారేది. వత్సమంటే దూడ, బిడ్డ. ఆ మాటలోంచే వాత్సల్యం వచ్చింది. ‘తల్లి ప్రేమ’, ‘దూడపై ఆవుకు ఉండేది’ వంటి ఆధారాలు కనిపిస్తే ఇక ఆలోచించనక్కర లేదు. కొడుకు తండ్రి మీద వాత్సల్యం చూపాడని ఎవరూ అనరు. గారాబమూ పిల్లల మీదనే, కానీ అందులో కాస్త మితిమీరిన ఛాయ ఉంది. ‘పిల్లలను చెడగొట్టే ప్రేమ (3)’ అంటే గారాబం. వలపు, ప్రణయం, మరులు స్త్రీపురుషుల మధ్యవి. వీటిలో మరులులో మైమరపు ఎక్కువ. అనురాగం దంపతులకూ చెల్లుతుంది, అన్నాచెల్లెళ్ళకూ చెల్లుతుంది. అభిమానం కొంచెం దూరం నుంచి, గౌరవంతో కలిసి ఉంటుంది. ఒక నటుడి మీద, ఒక నాయకుడి మీద ఉండేది అది. అయితే అభిమానానికి ఆత్మగౌరవమన్న అర్థమూ ఉంది కనుక ‘పౌరుషం (4)’ అన్న ఆధారానికి కూడా అదే జవాబు కావచ్చు. మక్కువ మనుషుల మీదా వస్తువుల మీదా ఉంటుంది: ఆవకాయ మీద మక్కువ అంటాము, ఆవకాయ మీద అనురాగం అనము. మమకారంలో ‘నాది’ అన్న పట్టు ఉంది, అందుకే పొలం మీద, సొంత ఊరి మీద ఉండేదాన్ని మమకారం అంటాము. ఆప్యాయత పలకరింపులో, వడ్డనలో కనిపించేది.

నెనరు గురించి ప్రత్యేకంగా ఒక మాట. పాత కావ్యభాషలో ఇది ప్రేమ, దయ. ఇటీవలి కాలంలో అంతర్జాలంలో తెలుగు రాసేవారు ‘నెనర్లు’ అని కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టారు. కొత్త కూర్పరులు ‘ధన్యవాదం’ అన్న ఆధారానికి ఈ మాట కోరుతున్నారు. కాబట్టి ‘నె’తో మొదలై ‘రు’తో ముగిసే మూడు గళ్ళు ఎదురైతే ఆధారం ప్రేమ అయినా, కృతజ్ఞత అయినా నెనరును గుర్తుంచుకోండి.

ఆపేక్ష విషయంలో చాలామంది తడబడతారు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్ళలో ‘ఎంత ఆపేక్షగా పలకరించిందో’ అని పెద్దవాళ్ళు అనడం మీరు వినే ఉంటారు. అది దీర్ఘంతో ఉన్న ఆపేక్ష, అర్థం ప్రేమ. హ్రస్వంతో ఉన్న అపేక్ష అంటే కోరిక. ఆధారం ‘ప్రేమ’ అయితే మొదటి గడిలో ‘ఆ’, ఆధారం ‘కోరిక’ అయితే ‘అ’. ఈ ఒక్క దీర్ఘం తప్పితే దాని కింద నిలువుగా దిగే పదం మొత్తం తప్పుతుంది. ఒకసారి విజయవాడ పాఠకురాలు ఒకరు, తన జవాబు సరైనదే అయినా మూల మొత్తం ఎందుకు కలవలేదని ఉత్తరం రాసి, తాను నింపిన కాగితాన్ని కూడా జతచేశారు. చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్క ‘అపేక్ష’ తప్ప. దాని వల్ల నిలువులో ‘ఆవిరి’ రావలసిన చోట ఆవిడ ‘అవిరి’ అన్న మాట ఉందేమోనని నిఘంటువులన్నీ వెతికారట.

విభక్తి ప్రత్యయాలను కూడా గమనించాలి. ఆధారం ‘ప్రేమతో (4)’ అని ఉంటే జవాబులోనూ ఆ ‘తో’ ఉండాలి: కూరిమితో, లేదా మమతతో. ‘ప్రేమగా’ అంటే ఆప్యాయంగా, గోముగా వంటివి. ఆధారం బహువచనమైతే జవాబూ బహువచనమే. ఇది పాటించని కూర్పరులు కొందరు ఉన్నారు, కానీ పాటించేవారే ఎక్కువ కనుక ముందు నియమాన్నే నమ్మండి.

ఖాళీ పూరింపు ఆధారాలు వీటిలో సులువైనవి. ‘… గల దినములలో (3)’ అని ఉంటే సుమతీ శతకం చదివిన ప్రతివారికీ ‘కూరిమి’ నోటికి వస్తుంది. ‘ద్వేషానికి జంట (2)’ అంటే రాగం, ఎందుకంటే రాగద్వేషాలు అని కలిపి అంటాము. ‘శృంగారానికి స్థాయీభావం (2)’ అంటే రతి. ‘ప్రేమకు వికృతి (3)’ అంటే ప్రేముడి, ‘స్నేహానికి వికృతి (3)’ అంటే నెయ్యము. బడిలో ప్రకృతి వికృతుల పట్టిక వల్లె వేసినవారికి ఇవి కష్టం కాదు.

నాకు ఎక్కువ ఇష్టమైనవి మాటను విడదీసి, తిప్పి, తల మార్చి అడిగే గూఢమైన ఆధారాలు. వీటిలో పూరించేవారికి ఒక హామీ ఉంది: ఆధారంలో ఒక కొస జవాబు అర్థం చెబుతుంది, మిగిలిన భాగం అక్షరాలను ఎలా కూడగట్టాలో చెబుతుంది. రెండూ కలిస్తే జవాబు నిస్సందేహంగా తేలుతుంది, అడ్డుతగిలే పదం కోసం ఎదురుచూడనక్కర లేదు. ప్రేమకు సంబంధించిన మాటలు ఈ పనికి చక్కగా లొంగుతాయి.

‘జాలరి చేతిది, పువ్వులో సగం కలిస్తే ప్రేమ (3)’ అన్న ఆధారం తీసుకోండి. జాలరి చేతిలో ఉండేది వల. పువ్వులో రెండక్షరాలు, సగం అంటే ‘పు’. కలిపితే వలపు. చివరి మాట ‘ప్రేమ’ అర్థాన్ని చెప్పింది, ముందు భాగం అక్షరాలను ఇచ్చింది.

‘పలుకు, తరువాత మోహన వంటిది: ప్రేమే (4)’ అన్నదానిలో ‘పలుకు’ను మాట అన్న అర్థంలో తీసుకుంటే ముందుకు సాగదు. దాన్ని క్రియగా తీసుకోవాలి: పలుకు అంటే అను. మోహన ఒక రాగం. అను, రాగం కలిస్తే అనురాగం. ఒకే మాట నామవాచకంగానూ క్రియగానూ నిలబడగలిగితే కూర్పరి దాన్ని వదలడు, ఇటువంటి చోట్ల ఆగి రెండో అర్థం వెతకడం అలవాటు చేసుకోండి.

‘చెట్ల తల మారితే మోహం (3)’ అంటే చెట్లు తరులు, మొదటి అక్షరం మారితే మరులు. ‘ఎక్కువైనా తక్కువైనా తల మారితే ప్రీతే (3)’ అంటే మక్కువ. ఎక్కువలో ‘ఎ’ను, తక్కువలో ‘త’ను తీసి ‘మ’ పెట్టినా అదే మాట వస్తుంది. ‘చెలికి మిన్నులో సగమిస్తే స్నేహం (3)’ అంటే చెలిమి. ‘ఆయుర్వేదంలో నూనె, మనుషుల్లో ప్రేమ (2)’ అంటే స్నేహం, ఎందుకంటే సంస్కృతంలో స్నేహానికి చమురు అన్న అర్థమూ ఉంది. ‘సంధ్యకు ఎరుపు, పాటకు ప్రాణం, మనసుకు ప్రేమ (2)’ అంటే రాగం, మూడర్థాలూ ఆ మాటకు ఉన్నవే.

మా ఊరి కోసం నేను కూర్చిన ఆధారం ఒకటి నాకు ఎంతో ఇష్టం: ‘గుంటూరు గుణం నాదంటే ఆపేక్ష (4)’. సంస్కృతంలో ‘మమ’ అంటే నాది. గుంటూరు గుణం ఏమిటో మిర్చి యార్డు వైపు ఒక్కసారి వెళ్ళినవారికి ఎవరూ చెప్పనక్కర లేదు, ఆ ఘాటుకు కళ్ళు ముందే నీళ్ళు కారుస్తాయి. మమ, కారం కలిస్తే మమకారం. ఈ ఆధారం అచ్చయిన నెలలో తెనాలి, నరసరావుపేట, మంగళగిరి నుంచి వచ్చిన పూరింపులలో ఈ గడి తప్పినవారు దాదాపు లేరు. దూరప్రాంతాల పాఠకులు మాత్రం ‘గుణం’ దగ్గర ఆగిపోయారు. స్థానిక ఆధారం ఇస్తే అడ్డుతగిలే పదాలు తేలికగా ఉంచాలన్న నియమాన్ని అప్పటి నుంచి పాటిస్తున్నాను.

కూర్పరులకు కూడా ఒక మనవి ఉంది. కూరిమి, నెనరు, బాళి వంటి అరుదైన మాటలకు ‘ప్రేమ’ అని ఒంటి ఆధారం ఇవ్వడం నాకు నచ్చదు. ‘శతకకారుడి దినాలలోని ప్రేమ’ అనో, ‘నేటి కృతజ్ఞత, నాటి ప్రేమ’ అనో ఒక మాట జోడిస్తే పూరించేవారు ఆ పదాన్ని తమంతట తాము పట్టుకుంటారు, పట్టుకున్న పదం వారి దగ్గర నిలుస్తుంది. అరుదైన తెలుగు మాటలు నలుగురి నోళ్ళలోకి తిరిగి రావడానికి గళ్ళ నుడికట్టు ఇప్పటికీ ఒక మంచి దారి, అందుకే ఈ విషయంలో ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

నిఘంటువుల గురించి అడిగారు కాబట్టి రెండు మాటలు. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం పాత తెలుగు మాటలకు ఇప్పటికీ నాకు మొదటి ఆసరా. పర్యాయపదాలకైతే జి.ఎన్. రెడ్డి గారి పర్యాయపద నిఘంటువు చూడండి. అచ్చు ప్రతులు కావాలంటే విజయవాడలో జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలోనో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలలోనో వెతకండి. ఫోనులో చూసుకోవడానికి ఆంధ్రభారతి నిఘంటు శోధన ఉంది, ఒకే మాటకు అనేక నిఘంటువుల అర్థాలు ఒకేసారి కనిపిస్తాయి. అయితే ముందే నిఘంటువు తెరవవద్దు. అడ్డుతగిలే పదాల నుంచి రెండక్షరాలైనా వచ్చాక తెరిస్తే, మీరు ఊహించిన మాటను సరిచూసుకోవడానికి అది పనికి వస్తుంది.

ఇక మీ చివరి ఆధారం, ‘మితభాషిలో సగం తిరగబడితే మక్కువ (2)’. మితభాషిలో నాలుగక్షరాలు: మి, త, భా, షి. సగం అంటే ‘మిత’. తిరగబడితే ‘తమి’. తమి అంటే మక్కువ, ఆశ. రెండో సగం ‘భాషి’ తిరగేస్తే ‘షిభా’ వస్తుంది, అలాంటి మాట లేదు కనుక సందేహం అక్కర లేదు. రెండో గడి గుండా నిలువుగా వెళ్ళే పదంలో మీరు ‘తి’ అని రాసి ఉన్నట్టు మీరు పెట్టిన ఫోటోలో కనిపిస్తోంది, బహుశా ‘ప్రీతి’ అనుకుని ఉంటారు. దాన్ని ‘మి’గా మార్చి, ఆ నిలువు ఆధారాన్ని మళ్ళీ ఒకసారి చదవండి.